పని కోసం పేనిన తాడు

(కాలనీ గ్రంథాలయంలో నెలనెలా జరిగే సీనియర్ సిటిజన్ల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించు బాబూ, మైకులో గాలి తప్ప ఇంకేం రావట్లేదు. ఆ, ఇప్పుడు బాగుంది.

సెక్రటరీ గారు మొన్న ఫోన్ చేసి, "అమెరికా వెళ్ళొచ్చారు కదా, అక్కడి విశేషాలు ఓ అరగంట చెప్పండి" అన్నారు. నేనన్నాను, అయ్యా, మన కాలనీలో అమెరికా వెళ్ళనివాళ్ళు ఎవరున్నారు? అవునా కాదా? కోడలి పురిటికనో, అమ్మాయి ఇల్లు కొనుక్కుందనో, ఆర్నెల్లు ఉండి వచ్చినవాళ్ళమే అందరం. అందరి ఫోన్లలోనూ అవే ఫొటోలు. ఎర్ర బ్రిడ్జి ముందు ఒకటి. చీర మీద స్వెట్టరు, కాళ్ళకి బూట్లు, చలికి ముడుచుకుపోయిన మొహం. నవ్వకండి, మా ఇంట్లో కూడా అదే ఫొటో ఫ్రేము కట్టించి టీవీ పక్కన పెట్టారు.

కాబట్టి ఏం చూశానో చెప్పను. అది మీరూ చూశారు. మనం ఎదురుగా నిలబడి ఫొటో దిగి వచ్చేసిన వస్తువులు అసలు ఎందుకు కట్టారు, ఎవరు కట్టారు, ఆ సంగతి చెప్తాను. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. 34 ఏళ్ళు బస్సుల వర్క్‌షాపులో పనిచేసి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. నాకు బ్రేకులు తెలుసు, గేరుబాక్సులు తెలుసు, చైన్‌పుల్లీకి తాడు ఎప్పుడు తెగుతుందో చూసి చెప్పగలను. అంతవరకే నా చదువు. అందుకని ఇవాళ నా ప్రసంగం అంతా ఒక తాడు గురించి. ఇనుప తాడు.

మా అబ్బాయి వాళ్ళు ఫ్రీమాంట్‌లో ఉంటారు. ఓ ఆదివారం మమ్మల్ని శాన్‌ఫ్రాన్సిస్కో తీసుకెళ్ళి కేబుల్ కార్ ఎక్కించాడు. చెక్కతో చేసిన పాతకాలం ట్రామ్ పెట్టె. సగం కిటికీలు, సగం ఖాళీ. పక్కన ఫుట్‌బోర్డు మీద జనం వేలాడుతున్నారు, అచ్చం మన సిటీ బస్సు. మావాడు "నాన్నా, గట్టిగా పట్టుకో" అంటున్నాడు. ముప్పై ఏళ్ళు ఫుట్‌బోర్డు మీద వేలాడినవాడికి చెప్తున్నాడు!

బండి కదిలింది. ఎదురుగా కొండ. మామూలు కొండ కాదు, వాళ్ళ వీధులు కొన్ని ఎలా ఉంటాయంటే ఐదడుగులు ముందుకి పోతే ఒక అడుగు పైకి లేస్తాయి. ఈ పెట్టె నిండా జనాన్ని వేసుకుని ఆయాసం లేకుండా ఎక్కేస్తోంది. పొగ లేదు, ఇంజను చప్పుడు లేదు, పైన కరెంటు తీగ కూడా లేదు. నేను మావాణ్ణి అడిగాను, "ఒరే, దీనికి ఇంజను ఎక్కడుందిరా?" వాడు సాఫ్ట్‌వేరు. "ఏమో నాన్నా, గూగుల్ చేస్తా" అన్నాడు.

నేను ఇంజను చూడకుండా ఆ ఊరు వదిలిపెట్టనని చెప్పాను. మా ఆవిడ నన్ను చూసిన చూపు మీరు చూడాలి.

ఇంజను బండిలో లేదండీ. ఊళ్ళో ఉంది. వాషింగ్టన్, మేసన్ అనే రెండు వీధులు కలిసేచోట ఇటుకల బిల్డింగు ఉంది. అందులో పెద్దపెద్ద చక్రాలు, మనిషి కంటే ఎత్తున్నవి, తిరుగుతూ ఉంటాయి. ఒక్కో తాడుకి ఒక్కో మోటారు, 510 హార్స్ పవర్‌ది. తాళ్ళు మొత్తం నాలుగు. అవి ఆ బిల్డింగులోంచి బయటికి పోయి, రోడ్డు కింద సన్నటి గాడిలో, కొండలెక్కి దిగి, ఊరంతా చుట్టి మళ్ళీ అక్కడికే వస్తాయి. ఆగవు. గంటకి తొమ్మిదిన్నర మైళ్ళు, అంటే మన లెక్కలో 15 కిలోమీటర్లు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకటే వేగం. మన మోటబావి గిలక మీద మోకు తిరిగినట్టు, కాకపోతే దీనికి ఎడ్లు వెనక్కి నడవక్కర్లేదు.

మరి బండి ఎలా కదులుతుంది? అక్కడుంది కిటుకు. బండి మధ్యలో ఓ మనిషి నిలబడి ఉంటాడు, ముందు పెద్ద లివర్లు. ఆయన్ని డ్రైవరు అనరు, గ్రిప్‌మన్ అంటారు. లివరు లాగితే కింద పట్టకారు లాంటిది ఆ పరిగెత్తే తాడుని పట్టుకుంటుంది. మెల్లగా పట్టుకుంటే బండి మెల్లగా కదులుతుంది, బిగించి పట్టుకుంటే తాడు వేగం అందుకుంటుంది. ఆపాలంటే? తాడు వదిలెయ్యాలి, బ్రేకు వెయ్యాలి. అంతే. క్లచ్చు ప్లేటు పనంతా ఆ మనిషి రెండు చేతుల్లో ఉంది. ఎక్కడైనా రెండు తాళ్ళు ఒకదాన్నొకటి దాటేచోట కింది తాడు పట్టుకున్న బండివాడు సరిగ్గా ముందే వదిలెయ్యాలి, ఊపు మీద దాటి, అవతల మళ్ళీ పట్టుకోవాలి. మర్చిపోతే పై తాడు తెగుతుంది. నేను వర్క్‌షాపులో ఎంతోమంది మంచి డ్రైవర్లని చూశాను. ఇంత సున్నితమైన చెయ్యి నేను చూళ్ళేదు.

బ్రేకుల సంగతి చెప్పకుండా ఉండలేను, క్షమించాలి. చక్రాలకి ఒక బ్రేకు. అది కాక, పట్టాల మీద నొక్కుకునే బ్రేకు ఇంకొకటి, అది చెక్క! దిమ్మలు. కొండ దిగేటప్పుడు పట్టా మీద రాసుకుని కాలిన వాసన వస్తుంది, పొయ్యిలో పుల్ల వాసన. ఆ దిమ్మలు కొద్దిరోజులకే అరిగిపోతాయి, మార్చేస్తారు. ఇవేవీ పనిచెయ్యకపోతే ఆఖరి అస్త్రం, ఉక్కు చీలని రోడ్డు గాడిలోకి దించేస్తారు. అది దిగిందంటే బండి అక్కడే బిగుసుకుపోతుంది, మళ్ళీ ఊడబెరకడానికి మెకానిక్కులు రావాలి. మా డిపోలో కుర్రాళ్ళకి ఇది చెప్తే నమ్మలేదు.

ఇక తాడు. అక్కడ మ్యూజియంలో ముక్క కోసి పెట్టారు, చేత్తో పట్టుకుని చూశాను. ఇంచీంపావు లావు. 19 తీగల్ని కలిపి ఒక పేట, అలాంటి పేటలు 6, వాటిని చుట్టి పేనారు. మధ్యలో, ఆ ఇనుము మధ్యలో ఏముందో తెలుసా? నార. కలబంద నార లాంటిది, సైసల్ అంటారు. 21వ శతాబ్దంలో, సిలికాన్ వ్యాలీ పక్కన, ఊరి బండ్లు నార తాడు చుట్టూ పేనిన ఇనుము మీద నడుస్తున్నాయి.

నాకప్పుడు మా ఊరు గుర్తొచ్చింది. సూర్యాపేట దగ్గర మా ఊళ్ళో గీత కార్మికుడు ఒకాయన ఉండేవాడు, మేమంతా బాబాయి అని పిలిచేవాళ్ళం. పొద్దున్నే తాటిచెట్టు ఎక్కే ముందు మోకుని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, వేళ్ళతో ఈ చివర్నించి ఆ చివరికి తడిమేవాడు. ఎక్కడైనా ఒక్క పోగు లేచిందా అని. కళ్ళెందుకు మూసుకుంటావు బాబాయీ అంటే, "కన్ను మోసం చేస్తది, వేలు చెయ్యదు" అనేవాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కూడా వాళ్ళ భయం అదే. తాడులో ఒక తీగ లేచి పట్టకారులో ఇరుక్కుందంటే గ్రిప్‌మన్ వదిలినా తాడు బండిని వదలదు. లాక్కుపోతుంది. ముందు ఏ కారున్నా అంతే. అందుకని ఆ చక్రాల ఇంట్లో లేచిన పోగుని పట్టుకోవడానికే ఓ అమరిక పెట్టారు, అది తగిలితే గంట మోగుతుంది, తాడు ఆపేస్తారు.

ఇది కనిపెట్టినాయన పేరు ఆండ్రూ స్మిత్ హాలిడీ. లండన్‌లో పుట్టాడు. వాళ్ళ నాన్నకి అక్కడ ఇనుప తాడు మీద పేటెంటు ఉంది. 1852లో తండ్రితో కాలిఫోర్నియా వచ్చాడు. బంగారం గనుల రోజులు. గనుల్లో మట్టి లాగాలన్నా, ఖనిజం దించాలన్నా తాడు కావాలి. మామూలు తాళ్ళు తెగుతున్నాయి. ఈయన ఇనుప తాళ్ళు పేని అమ్మడం మొదలుపెట్టాడు. అంటే అర్థమైందా? ఆయన ట్రామ్‌వాడు కాదు, తాళ్ళ వ్యాపారి.

1869లో ఓ వానరోజు, కొండ మీదికి బండి లాగుతున్న గుర్రాలు తడిరాళ్ళ మీద కాలు జారి, బండితో సహా వెనక్కి జారి చచ్చిపోవడం ఆయన చూశాడనీ, అప్పుడే ఈ ఆలోచన పుట్టిందనీ చెప్తారు. కావచ్చు. జాలి కూడా ఉండొచ్చు, తాళ్ళు అమ్ముడుపోతాయన్న లెక్క కూడా ఉండొచ్చు. నేను వ్యాపారుల్ని చూశాను, రెండూ ఒకే మనిషిలో ఉండగలవు.

1873 ఆగస్టు మొదట్లో, తెల్లవారుజామున, క్లే స్ట్రీట్ అనే వీధిలో మొదటి బండి దించారు. బండి పట్టడానికి పెట్టుకున్న మనిషి కొండ మీంచి కిందికి చూసి, నావల్ల కాదని దిగిపోయాడట, హాలిడీయే లివరు పట్టుకున్నాడట. ఈ కథ నిజమో కాదో గానీ నాకు ఆ దిగిపోయినవాడి మీదే గౌరవం. మొదటిసారి బ్రేకు చూడకుండా ఎవడు ఎక్కుతాడండీ?

తరవాత జరిగింది మీకు నేను చెప్పక్కర్లేదు. మెట్రో వస్తుందనగానే మియాపూర్‌లో గజం ధర ఏమైందో మీకు తెలుసు. అక్కడా అంతే. అప్పటిదాకా గుర్రం ఎక్కలేని కొండ మీద ఎవరుంటారు? కేబుల్ కార్ వచ్చాక నాబ్ హిల్ అనే కొండ మీద కోటీశ్వరులు మేడలు కట్టారు. రైల్వే ఆసామి లీలాండ్ స్టాన్‌ఫర్డ్, మన పిల్లలు చదువుకునే యూనివర్సిటీ ఆయనదే, 1878లో కాలిఫోర్నియా స్ట్రీట్ లైను ఆయనే వేయించాడు. తన ఇంటి ముందునించి! ఒకప్పుడు ఊళ్ళో 23 లైన్లు ఉండేవి. ఇప్పుడు ఎన్ని? మూడు. మిగతావి ఏమయ్యాయో ఆఖర్న చెప్తాను, గుర్తుచెయ్యండి.

ఇప్పుడు తాడు ఆ చివర పట్టుకుందాం. న్యూయార్క్ వైపు. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది కాబట్టి ఆ ఒడ్డు కూడా చూశాను. బ్రూక్లిన్ బ్రిడ్జి ఎంతమంది నడిచారు? చాలామందే. మధ్యలో చెక్క దారి, రెండు రాతి గోపురాలు, పైనించి గాలిపటం దారాల్లాగా తాళ్ళు. బాగుంటుంది.

అమెరికాలో ఇనుప తాడుకి పేరు తెచ్చినవాడు జాన్ రోబ్లింగ్. జర్మనీనించి వచ్చాడు. అప్పట్లో పెన్సిల్వేనియాలో కాలవల్లో వచ్చిన పడవల్ని కొండ దాటించాలంటే, బల్ల మీదికి ఎక్కించి, జనప మోకులతో పట్టాల మీద పైకి లాగేవాళ్ళు. పడవ కొండెక్కడం ఏమిటంటారా? నిజం. మోకులు తెగేవి, మనుషులు పోయేవాళ్ళు. ఈయన 1841లో ఇనుప తీగతో తాడు పేని చూపించాడు. చూడండి, అటు గనుల్లో, ఇటు కాలవల్లో, రెండుచోట్లా మొదలు ఒకటే. నార తాడు తెగింది.

తరవాత ఆయన ఆ తాళ్ళతో వంతెనలు వేలాడదీయడం మొదలుపెట్టాడు. బ్రూక్లిన్‌కీ న్యూయార్క్‌కీ మధ్య నది, అప్పుడు దాటడానికి పడవలే దిక్కు. 1866-67 చలికాలంలో నీళ్ళు గడ్డకట్టి పడవలు ఆగిపోయాయి. ఆఫీసులకి పోయేవాళ్ళు గోల పెట్టారు. వంతెన కావాలన్నారు. అంటే బ్రూక్లిన్ బ్రిడ్జి టూరిస్టుల కోసం కట్టింది కాదు, టైముకి డ్యూటీకి పోవడం కోసం కట్టింది. నేను ఇవాళ చెప్పదల్చుకున్నది ఇదొక్కటే అనుకోండి. మనం చూసొచ్చిన ఇవన్నీ చూడ్డానికి కట్టినవి కావు, పని జరగడానికి కట్టినవి. అందానికి ఎవరూ టెండరు పిలవలేదు.

1869 జూన్‌లో రోబ్లింగ్ ఒడ్డు మీద నిలబడి గోపురం ఎక్కడ కట్టాలో కొలతలు చూసుకుంటున్నాడు. పడవ వచ్చి రేవుకి గుద్దుకుంది, ఆయన పాదం నలిగింది. వేళ్ళు తీసేశారు. ఆ తరవాత డాక్టర్ల మాట వినలేదు, నీళ్ళు పోసుకుంటే తగ్గిపోతుందన్నాడు. ధనుర్వాతం వచ్చింది. జులై 22న పోయాడు. ఆయన వంతెన వచ్చి ఏ పడవల్ని మాన్పించాలో, ఆ పడవే ఆయన్ని తీసుకుపోయింది.

కొడుకు వాషింగ్టన్ రోబ్లింగ్‌కి అప్పుడు 32 ఏళ్ళు. పని మీద పడింది. ఇక్కడ కాస్త ఆగి చెప్తాను, ఎందుకంటే ఆ గోపురాలు నీళ్ళలో ఎలా కట్టారన్నది ఎవరూ అడగరు. ఒక గిన్నె బోర్లించి నీళ్ళ బకెట్లోకి నొక్కండి. లోపల గాలి నిలుస్తుంది కదా? అలాగే ఇల్లంత చెక్కపెట్టె, అడుగు లేనిది, నదిలోకి బోర్లించి దించారు. లోపలికి గాలి ఒత్తిడితో కొట్టారు, నీళ్ళు బయటే ఆగాయి. మనుషులు ఆ పెట్టెలోకి దిగి, దీపాల వెలుగులో, ఉక్కపోతలో అడుగున మట్టీ రాళ్ళూ తవ్వుతుంటే, పైన రాతి గోపురం కట్టుకుంటూ పోయారు. పైన బరువు పెరుగుతుంది, కింద తవ్వుతారు, మొత్తం దిగుతుంది. రోజు కూలీ 2 డాలర్లు. ఎక్కువమంది ఐర్లాండ్, జర్మనీ, ఇటలీలనించి వలసొచ్చినవాళ్ళు.

లోతు పెరిగేకొద్దీ కొత్త రోగం. పైకొచ్చిన మనిషి ఉన్నట్టుండి కీళ్ళు పట్టేసి విలవిల్లాడేవాడు, కొందరు చచ్చిపోయారు. సోడా మూత తీస్తే బుడగలు వస్తాయే, ఒత్తిడిలోంచి గబగబా పైకొస్తే రక్తంలో అలా బుడగలు వస్తాయి. అప్పటికి డాక్టర్లకే తెలీదు. న్యూయార్క్ వైపు పెట్టె 78 అడుగుల చిల్లర దిగింది, ఇంకా గట్టి రాయి తగల్లేదు. ఇంకా తవ్వితే ఇంకెంతమంది పోతారో. వాషింగ్టన్ ఆపేయమన్నాడు. ఇసక మీదే నిలబెట్టాడు. ఆ గోపురం ఈరోజుకీ ఆ ఇసక మీదే ఉంది. ఇంజనీరు ధైర్యమంటే అది. సంతకం పెట్టి, రాత్రి నిద్రపోవాలి!

ఆయన నిద్రపోలేదు లెండి. కూలీలతో పాటు పెట్టెలోకి దిగి దిగి 1872లో ఆయనకీ అదే రోగం వచ్చింది. మంచానపడ్డాడు. అక్కణ్ణుంచి పదేళ్ళకి పైగా ఇంట్లోంచే పని నడిపించాడు, బ్రూక్లిన్‌లో ఉన్నప్పుడు కిటికీ దగ్గర కూర్చుని దుర్భిణిలో చూసుకోవడమే. మరి సైటులో ఎవరున్నారు? ఆయన భార్య. ఎమిలీ. కాలేజీలో ఇంజనీరింగు చదవలేదు, ఆడవాళ్ళకి అప్పుడు ఆ తలుపులే లేవు. మొగుడి పక్కన కూర్చుని లెక్కలు నేర్చుకుంది, వేలాడే తాడు వంపు లెక్క, ఉక్కు బలం లెక్క, అన్నీ. రోజూ సైటుకి పోయేది, ఆయన చెప్పినవి ఇంజనీర్లకి చెప్పేది, వాళ్ళ ప్రశ్నలు ఇంటికి తెచ్చేది. కొన్నాళ్ళకి చాలావాటికి ఇంటిదాకా రాకుండా అక్కడే జవాబు చెప్పేది. అమ్మా, మీరు నవ్వుతున్నారు, మీ ఇంట్లో కూడా అదే కథ కాబోలు.

ఇంకో ముచ్చట. తాళ్ళకి తీగ సరఫరా చేసిన కాంట్రాక్టరు ఏం చేశాడో తెలుసా? మంచి తీగ చుట్టలు ఇన్‌స్పెక్టరుకి చూపించి సంతకం పెట్టించుకుని, దారిలో బండి మార్చి, వాళ్ళు వద్దన్న నాసిరకం చుట్టలు సైటుకి పంపాడు. 1878లో పట్టుకున్నారు. అప్పటికే బోలెడు తీగ తాళ్ళలోకి ఎక్కిపోయింది, విప్పడానికి లేదు. కాంట్రాక్టర్లు మన దేశంలోనే ఉంటారనుకున్నారా? అయితే రోబ్లింగ్ ముందే కావలసినదానికి ఆరు రెట్లు బలం వేసి పెట్టాడు. కాస్త తగ్గినా వంతెనకి ముప్పు లేదని తేల్చి, ఒక్కో తాడుకి 150 మంచి తీగలు ఎక్కువ వేశారు, అదీ కాంట్రాక్టరు ఖర్చుతో. ఆ పాడు తీగ ఇప్పటికీ అందులోనే ఉంది. మీరు నడిచినప్పుడు మీ తల మీదే ఉంది.

1883 మే 24న తెరిచారు. అంతకుముందు బండిలో మొదట దాటింది ఎమిలీ, ఒళ్ళో ఓ కోడిపుంజుని పెట్టుకుని. గెలుపుకి గుర్తట. నడిచేవాళ్ళకి 1 సెంటు టోలు. మొదటి రోజే లక్షన్నర మంది నడిచారు. వారం తిరక్కుండా, మే 30న, మెట్ల దగ్గర ఎవరో ఆవిడ కాలు జారి పడి అరిచింది, వంతెన కూలుతోందని పుకారు లేచింది, తొక్కిసలాటలో 12 మంది పోయారు. జనానికి నమ్మకం పోయింది. మరుసటి ఏడాది సర్కస్ ఆసామి బార్నమ్ 21 ఏనుగుల్ని ఆ వంతెన మీద నడిపించాడు. వంతెనకి పరీక్ష, ఆయనకి ప్రచారం. మా డిపోలో కొత్త బస్సుకి ఇసక బస్తాలు వేసి చూసేవాళ్ళం, ఏనుగుల ఐడియా మాకు రాలేదు.

ఈ మాట చెప్పి అటు పోతాను. అదే 1883 సెప్టెంబరులో బ్రూక్లిన్ బ్రిడ్జి మీద రైలు వేశారు. ఇటునించి అటు జనాన్ని దాటించడానికి. దాన్ని ఏది లాగేదో ఊహించండి? తాడు! శాన్‌ఫ్రాన్సిస్కో పద్ధతే, కదిలే తాడుని పట్టుకుని పోవడం. కింద తాడు లాగుతోంది, పైన తాడు మోస్తోంది. నాకు ఈ సంగతి తెలిసిన రోజు మా అమ్మాయి ఇంట్లో ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే మనవరాలు "తాతయ్యకి ఏమైంది?" అంది.

ఇక మన టీవీ పక్కన ఫ్రేములో ఉన్న ఎర్ర బ్రిడ్జి. గోల్డెన్ గేట్. దాని గురించి అందరూ చెప్తారు కాబట్టి నేను తక్కువ చెప్తాను. ఆ పేరు బంగారం వల్ల రాలేదు, ఆ జలసంధికి 1846లోనే ఫ్రీమాంట్ అనే సైనికాధికారి పెట్టాడు, బంగారం దొరికింది ఆ తరవాత. మా అబ్బాయి ఉండే ఊరి పేరు కూడా ఆయనదే. 1933లో మొదలుపెట్టి 1937 మే 27న తెరిచారు. గోపురం నించి గోపురానికి 4,200 అడుగులు. ఒక్కో పెద్ద తాడు మూడడుగుల లావు, అందులో 27,572 తీగలు. ఆ తీగ ఎవరిది? న్యూజెర్సీలో రోబ్లింగ్ కొడుకుల కంపెనీది. అదే తాడు, తెలిసిందా, ఈ చివర మళ్ళీ దొరికింది.

రంగు విషయం. నేవీవాళ్ళు నలుపూ పసుపూ చారలు వెయ్యమన్నారు, ఓడలకి కనపడాలని. వేసి ఉంటే ఎలా ఉండేదో ఆలోచించండి, మన రోడ్డు మీద స్పీడు బ్రేకరులా! ఉక్కుకి తుప్పు పట్టకుండా వేసిన ఎర్ర ప్రైమరు చూసి, ఇదే రంగు బాగుంది ఉంచండి అన్నాడు ఇర్వింగ్ మారో అనే ఆర్కిటెక్టు.

కింద వల కట్టారు, పనివాళ్ళు పడితే పట్టుకోడానికి. ఆ రోజుల్లో అది కొత్త. 19 మంది ఆ వలలో పడి బతికారు. వాళ్ళంతా కలిసి ఓ సంఘం పెట్టుకున్నారు, "నరకానికి సగం దూరం పోయొచ్చినవాళ్ళ క్లబ్బు" అని. కానీ 1937 ఫిబ్రవరి 17న పరంజా ఒకటి తెగి వలమీద పడింది. వల చిరిగిపోయింది. 10 మంది పోయారు.

అక్కడ ఓ విగ్రహం ఉంటుంది, చూశారా? చీఫ్ ఇంజనీరు జోసెఫ్ స్ట్రాస్‌ది. ఆ లెక్కలు ఎక్కువ భాగం వేసింది వేరే ఆయన. చార్ల్స్ ఎల్లిస్ అనే ప్రొఫెసరు. స్ట్రాస్ ఆయన్ని 1931లో పనిలోంచి తీసేశాడు. తీసేసినా ఆయన జీతం లేకుండా ఇంట్లో కూర్చుని ఆ లెక్కలు మళ్ళీ మొదటినించీ సరిచూసుకున్నాడు. ఎందుకూ? నాకర్థమైంది. వర్క్‌షాపులో మన చేత్తో బిగించిన బోల్టు బస్సుతో పాటు పోతుంది, మనకి నిద్రపట్టదు. ప్రారంభోత్సవంలో ఆయన పేరు ఎక్కడా లేదు. 1949లో పోయాడు. వంతెనకి 70 ఏళ్ళు నిండిన 2007లో గానీ ఆ వంతెన యాజమాన్యం తమ నివేదికలో ఆయన పాత్ర ఒప్పుకోలేదు.

సరే. 23 లైన్లు మూడెలా అయ్యాయి? గుర్తుచేశారు, థాంక్స్ అండీ. 1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున భూకంపం, ఆ వెంటనే రోజుల తరబడి మంటలు. తాళ్ళు తిప్పే ఇళ్ళు కాలిపోయాయి. మళ్ళీ కట్టేటప్పుడు కరెంటు ట్రాములు చవకని అవే వేశారు. మరీ నిటారు కొండల మీద మాత్రం తాడు మిగిలింది. ఆ మిగిలింది కూడా 1947లో తీసేద్దామన్నాడు మేయరు రోజర్ లాఫమ్. పాతబడిపోయాయి, నష్టం, బస్సులు వేద్దాం. నిజం చెప్పాలంటే, నేనే ఆయన సీట్లో ఉంటే అదే ఫైలు పెట్టేవాణ్ణి. స్పేరు పార్టులు దొరకవు, మెయింటెనెన్సు తడిసిమోపెడు. లెక్క ప్రకారం ఆయన మాట తప్పు కాదు.

ఒకావిడ లేచింది. ఫ్రీడెల్ క్లూస్‌మన్. ఆడవాళ్ళ సంఘాలన్నిటినీ కూడగట్టి కమిటీ పెట్టింది. సంతకాలు సేకరించింది. ఆవిడ ప్రశ్న కూడా లెక్కే: వీటికి అయ్యే నష్టం ఎంత, వీటి కోసం ఊరికొచ్చే జనం పెట్టే ఖర్చు ఎంత? నవంబరులో ఓటింగు పెట్టారు. ఉంచాలని 1,66,989, వద్దని 51,457. చూశారా, పని కోసం పుట్టిన బండి చూడ్డానికి పనికొచ్చేదిగా మారింది ఆ రోజునే. 1964లో దాన్ని జాతీయ చారిత్రక చిహ్నంగా ప్రకటించారు. 1982లో మొత్తం ఆపేసి, రోడ్లు తవ్వి, గాడులూ పట్టాలూ చక్రాలూ అన్నీ కొత్తవి వేసి, 1984లో మళ్ళీ నడిపారు. సుమారు 6 కోట్ల డాలర్లు. 1986లో ఆవిడ పోయినప్పుడు కేబుల్ కార్లకి నల్లగుడ్డ కట్టి ఊరంతా తిప్పారు.

ఇంకొకటి. 1873నించీ ఆ లివరు మగవాళ్ళే పట్టారు, అంత బలం కావాలని. 1998లో ఫానీ మే బార్న్స్ అనే ఆవిడ శిక్షణ పూర్తిచేసి లివరు పట్టింది. బలం ఒక్కటే కాదు, ఒళ్ళు బరువు ఎలా వాడాలో తెలియాలి. పైపు రెంచీ పట్టినవాళ్ళకి ఆ సంగతి తెలుసు.

ప్రెసిడెంటు గారు గడియారం చూపిస్తున్నారు. టీ కూడా వచ్చినట్టుంది. ఏమండీ, అడగండి... అల్కట్రాజ్ జైలా? దాంట్లో తాడు లేదండీ, అందుకని చెప్పలేదు. ఇంకో నెల చెప్తాను.

ఈ ఎండాకాలం వెళ్ళేవాళ్ళు ముగ్గురున్నారని తెలిసింది. మీకోసం. పావెల్ వీధి చివర, బండిని చేత్తో తోసి తిప్పే గుండ్రటి బల్ల దగ్గర, క్యూ చాంతాడంత ఉంటుంది, మోకాళ్ళు నొప్పులొస్తాయి. ఆ తిప్పడం కాసేపు చూడండి, చూసి కాలిఫోర్నియా స్ట్రీట్ లైను దగ్గరికి నడవండి. అక్కడ రద్దీ తక్కువ. ఎక్కేటప్పుడు గ్రిప్‌మన్‌కి దగ్గరగా ఉండే సీటు చూసుకోండి, ఆయన మోచేతులకి అడ్డం రాకుండా. తరవాత ఆ చక్రాల ఇల్లు. టిక్కెట్టు లేదు, ఉచితం. పైన బాల్కనీలో నిలబడితే నాలుగు తాళ్ళూ కనపడతాయి. గ్రీజు వాసన వస్తుంది. మా ఆవిడ పది నిమిషాల్లో బయటికెళ్ళి కూర్చుంది, నేను గంటన్నర ఉన్నాను.